వెంకమ్మ పసుపు కుంకుమ భూమి

ఏటా పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్లలో ఒక తర్కం మొదలవుతుంది. పిల్లవాడికి ఇష్టమైన చదువు చెప్పించాలా, కూడుపెట్టే చదువు చెప్పించాలా అని. బరంపురంలో గాని, హోసూరులో గాని, బళ్లారిలో గాని, షోలాపురంలో గాని తెలుగువారి ఇంట ఈ తర్కం ఇంచుమించు ఒకేలా నడుస్తుంది. తండ్రి ఉద్యోగం అంటాడు. కొడుకు అభిరుచి అంటాడు. తల్లి ఇద్దరికీ అన్నం వడ్డిస్తూ వింటుంది. ఈ విషయం మీద పత్రికల్లో వచ్చే కథలూ అలాగే ఉంటాయి. కథ చివర తండ్రి మనసన్నా మారుతుంది, కొడుకు మనసన్నా మారుతుంది. పాఠకుడు తృప్తిగా పేజీ తిప్పేస్తాడు.

ఈ తర్కంలో నాకు ఎప్పుడూ ఒక పద్దు కనబడదు. ఆ చదువు ఖర్చు ఎవరి పేర రాస్తున్నాం అన్నది. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. కామర్సు చదివి, బ్యాంకులో చేరి, ఉద్యోగమంతా అప్పులూ వసూళ్లూ చూస్తూ గడిపినవాణ్ణి. డబ్బు ఎటు పోయిందో చెబితే, ఎక్కడినుంచి వచ్చిందని అడగకుండా ఉండలేను. ఈ అలవాటుతోనే పుస్తకాలు కూడా చదువుతాను. అలా చదివితే, మన భాషలో ఈ సంగతిని దాచకుండా చెప్పిన రచన గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ అని నాకు తోస్తుంది.

ఈ నాటకం 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది. ఇవాళ మనం చదివేది 1909లో వచ్చిన, బాగా పెంచి తిరగరాసిన రెండో కూర్పు. దీని గురించి మాట్లాడేవారు గిరీశం దగ్గర మొదలుపెట్టి మధురవాణి దగ్గర ముగిస్తారు. సంఘసంస్కరణ గురించి చెబుతారు, వాడుకభాష గురించి చెబుతారు. అవన్నీ సరే. కాని కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు ఇల్లు ఒకటుంది. ఆ ఇంటి జమాఖర్చు ఎవరూ అంత శ్రద్ధగా చూసినట్టు లేదు.

ఆ ఇంట్లో కొడుకు వెంకటేశం విజయనగరంలో ఇంగ్లీషు చదువుతున్నాడు. పరీక్ష తప్పాడు. పెద్దకూతురు బుచ్చమ్మ విధవ. చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధాన్లనే ముసలివాడికి పద్ధెనిమిది వందల రూపాయలకు ఇవ్వడానికి తండ్రి మాట ఇచ్చేశాడు. కొడుకు చదువుకయ్యే ఖర్చు మీద ఆయన సణుగుడూ, కూతురి ధర మీద ఆయన పట్టుదలా ఒకే వసారాలో, ఒకే పూట వినిపిస్తాయి. ఈ డబ్బు ఆ ఖర్చుకే అని నాటకం ఎక్కడా తేల్చి చెప్పదు. చెప్పనక్కర్లేదు కూడా. ఇంటికి పెట్టె ఒకటే. అందులో ఏ రూపాయి ఎవరిని అమ్మితే వచ్చిందో రూపాయి మీద రాసి ఉండదు.

ఇప్పుడు వెంకమ్మను చూడండి. కొడుకు చదువుకు భర్త ముందువెనుకలాడితే ఆవిడ ఒక మాట అంటుంది. తనకు పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి అమ్మి అయినా కొడుకుని చదివిస్తానంటుంది. మేం చదివేరోజుల్లో దీన్ని మాతృప్రేమ అన్నారు. ప్రేమే, కాదనను. అయితే ఆ భూమి ఏమిటి? ఆ ఇంట్లో ఆడదాని పేర ఉన్న ఆస్తి ఆ ఒక్కటే. రేపు భర్త పోయినా, కొడుకు చూడకపోయినా ఆవిడకు మిగిలే ఆధారం. దాన్ని పెట్టుబడి పెట్టడానికి ఆవిడ సిద్ధపడింది. ఏం చదువో ఆవిడకు తెలియదు. కొడుకునీ గిరీశాన్నీ ఒక్కసారి తన ముందు ఇంగ్లీషులో మాట్లాడమంటుంది. వాళ్లిద్దరూ వల్లెవేసిన ముక్కలు ఒకరికొకరు అప్పగించుకుంటారు. అర్థం పర్థం లేదు. ఆవిడ మురిసిపోతుంది. ఆ చోట హాలంతా నవ్వుతుంది. నాకు మాత్రం నవ్వు పూర్తిగా రాదు. పెట్టుబడి పెట్టిన మనిషికి చూపించిన లెక్క అది. చదువరాని మనిషికి అంతకంటే లెక్క చూపించనక్కర్లేదని ఆ ఇద్దరికీ తెలుసు.

గురజాడవారికి ఈ లెక్కల మీద దృష్టి ఉందనడానికి మొదటి కూర్పుకి ఇంగ్లీషులో రాసిన పీఠికే సాక్ష్యం. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల జాబితా మహారాజావారు తయారు చేయించారు. నమోదైనవి 1,034. ఏడాదికి సగటున 344. అందులో ఐదేళ్ల వయసు పిల్లలు 99 మంది. ఏడాది వయసువాళ్లు ముగ్గురు. హాస్యనాటకానికి పీఠిక రాస్తూ ఇటువంటి పట్టిక ముందుంచిన రచయిత, అగ్నిహోత్రావధాన్లు ఇంట కొడుకు ఖర్చునీ కూతురి ధరనీ ఊరికే పక్కపక్కన పెట్టాడని నేను అనుకోను.

అభిరుచి సంగతి కూడా నాటకంలో ఉంది. అది వెంకటేశం దగ్గర లేదు. ఏం కావాలో వాడికి తెలియదు, వాణ్ణెవరూ అడగలేదు. ఆ ప్రశ్న కరటకశాస్త్రి శిష్యుడి దగ్గర ఉంది. వాడి చేత గురువు కాళిదాసు కావ్యం చదివిస్తుంటే వాడికి విసుగు. నాలుగంకెలు కూడడం, వడ్డీ కట్టడం, ఒక అర్జీ రాయడం వస్తే ఊళ్లో కరణీకమన్నా చేసుకోవచ్చు గదా అన్నది వాడి గోల. అంటే ఉద్యోగపు చదువు కోరేది ఇక్కడ కుర్రవాడు, కావ్యం చదవమనేది పెద్దవాడు. మన తర్కానికి సరిగ్గా తలకిందులు. కరణీకానికి వారసుల్లాంటి ఉద్యోగంలో ఉన్నవాణ్ణి కనుక వాడి మాట నాకు న్యాయంగానే కనిపిస్తుంది.

అయితే కథలో సుబ్బిని కాపాడిందేది? వెంకటేశం ఇంగ్లీషు కాదు. గిరీశం ఉపన్యాసాలు కాదు. ఆ శిష్యుడి నటన. వాడు ఆడపిల్ల వేషం కట్టి లుబ్ధావధాన్లను పెళ్లాడబట్టి సుబ్బి బతికిపోయింది. కరణీకానికి పనికిరాదనుకున్న విద్యే ఒక పిల్ల ప్రాణానికి అడ్డుపడింది. ఇక్కడ ఆపేస్తే ఇది అభిరుచికి గెలుపు అని చెప్పి చప్పట్లు కొట్టవచ్చు. గురజాడ ఆపలేదు. ఈ పని నెగ్గుకొస్తే శిష్యుడికి కరటకశాస్త్రి ఇస్తానన్న బహుమానం ఏమిటో గుర్తు తెచ్చుకోండి. తన కూతుర్నిచ్చి పెళ్లి చేస్తానన్నాడు. ఆ కూతుర్ని అడిగారా? లేదు. అభిరుచికీ, ఉపాధికీ కూడా ఆ లోకంలో చెల్లే నాణెం ఒకటే.

ఇది నూరేళ్లనాటి మాట, ఇప్పుడేమిటని అడగవచ్చు. ఇప్పటి సంగతి నా బల్ల మీద చూస్తున్నాను. 2001లో బ్యాంకుల సంఘం చదువు అప్పులకు ఒక నమూనా పథకం తయారుచేసింది. దాని పుణ్యాన ఎందరో పేదపిల్లలు పెద్ద చదువులు చదివారు. అప్పు విద్యార్థి పేర ఉంటుంది, తండ్రి గాని తల్లి గాని పక్కన సంతకం చేస్తారు. మామూలుగా ఏడున్నర లక్షలు దాటితే ఇల్లో పొలమో తాకట్టు పెట్టాలి. చదువు అయ్యాక మరో ఏడాది గడువిచ్చి వాయిదాలు మొదలుపెడతారు. కాగితాల మీద అంతా సక్రమమే. కాని జూన్, జులై నెలల్లో పక్క కౌంటరు దగ్గర నిలబడితే ఇంకొక వరస కనిపిస్తుంది. బంగారం తాకట్టు వరస. చేతిసంచిలోంచి పాత గుడ్డ మూట తీసి, నానుతాడో, గాజులో తూకానికి పెట్టే ఆడవాళ్లు. ఎందుకమ్మా అంటే, అబ్బాయి ఫీజుకు బాబూ అంటారు. వెంకమ్మ భూమి గ్రాముల్లోకి మారింది, అంతే.

అదే ఇంట్లో ఆడపిల్ల ఉంటే ఆ పిల్ల దగ్గర్లో ఉన్న కాలేజీలో చవగ్గా దొరికే డిగ్రీలో చేరుతుంది. ఆ డిగ్రీ ఇష్టమయ్యా కాదు, సంపాదన కోసమూ కాదు. బస్సు దొరుకుతుందని. అభిరుచా సంపాదనా అన్న తర్కం ఆ పిల్లదాకా రానే రాదు. మా ఇంట్లోనూ రాలేదు. నా బి.కాం. ఫీజు కట్టిన సంవత్సరంలోనే మా అక్క చదువు ఆగిపోయింది. అక్కకు తెలుగంటే ప్రాణం. మా ఊళ్లో దుకాణాల బోర్డులన్నీ మరో లిపిలో ఉన్న రోజుల్లో నాకు గుణింతాలు దిద్దించింది తనే. నేనీ వ్యాసం రాయగలుగుతున్నది ఆ చేతి చలవ. కామర్సు నాకు ఇష్టమా అని నాన్న నన్ను అడగలేదు. కాని నా పేర ఒక లెక్కయినా వేశారు. అక్క పేర ఏ లెక్కా వేయలేదు.

సంపాదన చదువును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. సొంత రాష్ట్రం బయట ఉన్నవాళ్లకు పొలం ఉండదు, పలుకుబడి ఉండదు. నెల జీతమే మనకు నేల. పైగా జీతమూ ఇష్టమూ ఒకదానికొకటి శత్రువులు కావు. గురజాడ సహాధ్యాయి గిడుగు రామమూర్తి పంతులుగారు ఇవాళ ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో బడిపంతులుగా జీతం తీసుకుంటూనే సవర భాష నేర్చుకున్నారు. దానికి లిపి లేదు, మార్కెట్టు అసలే లేదు. ఆ కృషి ఫలితంగా సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే ఆ సొమ్ముతో సవరపిల్లలకు బడి పెట్టమన్నారట. పొట్టపోసిన చరిత్ర పాఠం ఒకటి, పేరు నిలబెట్టిన పని మరొకటి. అలాంటివారిని చూపించి, ముందు ఉద్యోగం, తర్వాత ఇష్టం అని పిల్లలకు చెప్పవచ్చు. మంచి సలహాయే. అయితే ముందు అన్నది ఉన్నవాడికే తర్వాత అన్నది ఉంటుంది. మా అక్కకు ముందూ లేదు, తర్వాతా లేదు.

నాటకం మీద నాకొక ఫిర్యాదు కూడా ఉంది. ఇంత లెక్క చూసిన గురజాడ, సుబ్బికేం కావాలో ఒక్క పాత్ర చేతనైనా అడిగించలేదు. బుచ్చమ్మ చదువు సంగతి వచ్చేది ఆఖరి అంకంలో. సౌజన్యారావు పంతులు ఆమెను విడోస్ హోముకు పంపాలంటాడు, గిరీశాన్ని బి.ఏ. చదవమంటాడు. ఇద్దరికీ చదువే మందని ఆ పెద్దమనిషి చీటీ రాశాడు. ఆ మాటలు నడిచింది ఇద్దరు మగవాళ్ల మధ్య. ఇది రచయిత లోపమా, కాలం లోపమా అని నేను చాలాసార్లు ఆలోచించాను. అడగకపోవడమే ఆ కాలపు నిజం కాబట్టి అలాగే చూపించాడని సమర్థించవచ్చు. కాని మధురవాణికి అన్ని మాటలిచ్చిన కలం సుబ్బికి కూడా నాలుగిచ్చి ఉంటే మనకు ఇంకా మేలయ్యేది.

మన ప్రవాసాంధ్రులకు ఈ సంగతి మరొక వైపునుంచి కూడా తగులుతుంది. మన ప్రాంతాల్లో తెలుగు చదువే సంపాదన లేని ఇష్టం కింద జమ అయిపోయింది. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి అయ్యాక, తెలుగు నేర్చుకోవడం అదనపు భారమైంది. ఒడిశాలో, కర్ణాటకలో చట్టం సంగతి ఎలా ఉన్నా, తెలుగు తీసుకుంటే ఏం వస్తుందన్న ప్రశ్న ఇంట్లోనే పుడుతుంది. అబ్బాయికి తెలుగెందుకు అంటాం. ఆడపిల్ల నేర్చుకుంటే నేర్చుకోనీ అంటాం. అలా భాషను కూడా ఖర్చులేని పద్దులో ఆడపిల్ల పేరనే రాశాం. ఇవాళ మన ఊళ్లలో తెలుగు మిగిలి ఉంటే అది చాలావరకు మా అక్కలాంటివాళ్ల చేతుల్లో మిగిలింది. వాళ్లలో ఎంతమందిని ఎం.ఏ. తెలుగు చదువుతావా అని అడిగాం?

ఈసారి మీ ఇంట్లో ఆ తర్కం మొదలైనప్పుడు ‘కన్యాశుల్కం’ తీసి అగ్నిహోత్రావధాన్లు ఇంటి రంగం చదవండి. గిరీశాన్ని కాసేపు పక్కన పెట్టి, వెంకమ్మ మాట్లాడినచోటల్లా ఆగండి. తర్వాత ఒక కాగితం తీసుకుని, మీ ఇంట్లో చదువులకయ్యే ఖర్చు ఎవరి భూమి నుంచి, ఎవరి బంగారం నుంచి, ఎవరి ఆగిపోయిన చదువు నుంచి వస్తున్నదో రాయండి. అబ్బాయికి ఏది ఇష్టమో అడిగేముందు, అమ్మాయికి ఏది ఇష్టమో, ఏది సంపాదించిపెడుతుందో, రెండూ అడగండి. ఆ రెండో ప్రశ్న ఆడపిల్లను అడగడం మనకింకా అలవాటు కాలేదు.