బొంతకు తగిన కుట్టు మిషన్

కుట్టు మిషన్ కొందామని దుకాణానికి వెళ్తే ముందుగా వినిపించేది కుట్ల లెక్క. ఈ మిషన్‌లో 50 రకాల కుట్లున్నాయి, ఆ మిషన్‌లో 200 ఉన్నాయి, మీట నొక్కితే పువ్వులు కుడుతుంది, పేర్లు కుడుతుంది అని చెబుతారు. జాకెట్లు, పిల్లల గౌన్లు కుట్టేవాళ్ళకు వాటిలో కొన్ని పనికొస్తాయి. బొంత కుట్టదలచినవాళ్ళకు ఆ లెక్కతో పనిలేదు. బొంతకు కావలసింది ఒకే ఒక్క కుట్టు, తిన్నగా సాగే సాదా కుట్టు. దాన్ని ఐదారు పొరల మీద, ఆరడుగుల పొడవునా, ఏ పొరా పక్కకు జరగకుండా వేయగలిగినదే మంచి మిషన్. ఈ కొలతతో చూస్తే మన ఇళ్ళలో గుడ్డ కప్పి మూలన పెట్టిన నల్లటి కాలి మిషన్, వేలకు వేలు పోసి కొనే కంప్యూటర్ మిషన్‌కు ఏమీ తీసిపోదు. కొన్ని విషయాల్లో దానికంటే మెరుగు కూడా. ఈ మాట పాత వస్తువు మీది మమకారంతో అంటున్నది కాదు. బొంత ఎలా తయారవుతుందో, మిషన్ గుడ్డను ఎలా లాగుతుందో పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తేలే సంగతి.

ముందు బొంత సంగతి చూద్దాం. ఐదున్నర మీటర్ల నూలు చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, 45 అంగుళాల వెడల్పు వస్తుంది. అంటే ఒక మనిషి పడుకోవడానికి సరిపోయే కొలతలో ఒక్క చీరతోనే మూడు పొరలు. దాని మీద మరో చీరను అలాగే మడిచి వేస్తే ఆరు. కొందరు మధ్యలో చిరిగిన పంచెలు, లుంగీలు, దుప్పటి ముక్కలు పరుస్తారు. దీనికి బాగా నలిగిన గుడ్డే కావాలి. ఎన్నో ఉతుకులు చూసిన గుడ్డ ఇక కుంచించుకుపోదు. కొత్త నూలు గుడ్డ ఒక పొరగా చేరితే మొదటి ఉతుకుకే అది ముడుచుకుని బొంతంతటినీ ముడతలు పడేస్తుంది. గుడ్డల్లోని గంజి పూర్తిగా వదిలేలా ఉతికి ఆరబెట్టి, నేల మీద మడత లేకుండా పరిచి, అంచుల మీద బరువులు పెట్టి, ముందుగా పెద్ద పెద్ద టాకాలు వేస్తారు. ఆ తర్వాత అంచులు కుట్టి, అంగుళం, అంగుళమున్నర ఎడంతో ఈ చివర నుంచి ఆ చివరకు వరసలు వేసుకుంటూ పోతారు. నలిగిన గుడ్డకు ఈ వరసలే బలం. ఒకచోట పొర చిరిగినా పక్కనున్న దారం దాన్ని పట్టి ఉంచుతుంది. కర్ణాటకలో కౌది, మహారాష్ట్రలో గోధడి, బెంగాల్‌లో కాంథా, బీహార్‌లో సుజని ఇలా పుట్టినవే. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్ది తెగ స్త్రీలు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరేలా కుడతారు. అమరిక మారుతుంది, రంగులు మారతాయి. పొరలను కలిపి పట్టే సాదా కుట్టు మాత్రం అన్నిచోట్లా ఒకటే. దూదేకులవారు ఏకిన దూది నింపిన రజాయి వేరే రకం. ఆ మందం ఇంటి మిషన్ మీద గుడ్డను అదిమే ఫుట్ కింద దూరదు కాబట్టి దాన్ని దబ్బనానికే వదిలేయాలి. మిషన్‌కు లొంగేది చీరల బొంత.

ఇక మిషన్ సంగతి. మిషన్‌లో గుడ్డను ముందుకు నడిపేవి సూది కింద పలకలో ఉండే పళ్ళు. అవి పైకి లేచి గుడ్డ అడుగుభాగాన్ని పట్టి వెనక్కి లాగుతాయి. పైనుంచి ఫుట్ అదిమి పట్టి ఉంచుతుంది. అంటే అడుగు పొరకు లాగుడు, పై పొరకు రాపిడి. రెండు పొరల జాకెట్ గుడ్డలో ఈ తేడా కంటికి కనిపించదు. ఆరు పొరల బొంతలో అది పేరుకుపోతుంది. ప్రతి 10 సెంటీమీటర్లకు పై పొర ఒక్క మిల్లీమీటరు వెనకబడినా, ఆరడుగుల వరస పూర్తయ్యేసరికి దాదాపు 18 మిల్లీమీటర్ల గుడ్డ పైన మిగిలిపోతుంది. చివర ముడత పడేది అందుకే. నల్ల మిషన్ తల మీద ఫుట్ ఒత్తిడిని తగ్గించే మర ఒకటి ఉంటుంది. దాన్ని కాస్త వదులు చేస్తే పై పొర మీద రాపిడి తగ్గుతుంది. అంతకంటే మంచి ఉపాయం వాకింగ్ ఫుట్. దానికి పైనా పళ్ళుంటాయి. దాని చేయి సూది బిగించే మరను పట్టుకుని సూదితోపాటే లేచి దిగుతూ పై పొరను కూడా అడుగు పొరతో సమంగా నడిపిస్తుంది. జర్మనీకి చెందిన ఫాఫ్ కంపెనీ 1968లో ఇలాంటి ఏర్పాటును మిషన్‌లోనే అమర్చింది. విడిగా దొరికే వాకింగ్ ఫుట్ చాలా నల్ల మిషన్లకు పడుతుంది. కాబట్టి కొనబోయే మిషన్ గురించి అడగవలసిన మొదటి ప్రశ్న దీనికి వాకింగ్ ఫుట్ పడుతుందా, ఒత్తిడి తగ్గించే వీలుందా అన్నదే.

రెండో ప్రశ్న సూది దిగే రంధ్రం గురించి. జిగ్‌జాగ్ కుట్టే మిషన్లలో సూది అటూ ఇటూ ఊగాలి కాబట్టి పలకలోని రంధ్రం అడ్డంగా పొడవుగా ఉంటుంది. నలిగిన పల్చటి నూలు గుడ్డ మీద సూది దిగినప్పుడు ఆ ఖాళీలోకి గుడ్డ కూడా కొంచెం కుంగుతుంది. కుట్టు వంకర పోతుంది. సాదా కుట్టు మాత్రమే వేసే మిషన్‌లో సూదికి సరిపడా చిన్న గుండ్రటి రంధ్రం ఉంటుంది. గుడ్డకు చుట్టూ ఆసరా దొరికి కుట్టు గీత గీసినంత తిన్నగా పడుతుంది. సింగర్ కంపెనీ 1933లో తెచ్చిన 221 నమూనా, ఫెదర్‌వెయిట్ అని పిలిచే చిన్న నల్ల మిషన్, బరువు 5 కిలోల వరకే ఉంటుంది, సాదా కుట్టు తప్ప మరొకటి వేయదు. అమెరికాలో బొంతలు కుట్టేవాళ్ళు నేటికీ దాన్ని వెతికి కొనుక్కుంటారు. జపాన్‌కు చెందిన జుకీ కంపెనీ బొంత పనివాళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసే టీఎల్ వరస మిషన్లూ సాదా కుట్టువే. రెండు దారాలు గుడ్డ మధ్యలో పెనవేసుకునే ఈ కుట్టుకు, మొనలో కన్ను ఉన్న సూదితో ఎలియాస్ హోవ్ 1846లో అమెరికాలో పేటెంట్ పొందాడు. ఇన్నేళ్ళలో మిషన్‌కు ఎన్ని హంగులు చేరినా ఆ సూత్రం మారలేదు. అందుకే పాత మిషన్ వేసే కుట్టుకూ కొత్తదాని కుట్టుకూ నాణ్యతలో తేడా ఉండితీరాలన్న నియమం లేదు.

మూడోది జాగా. సూదికీ, కుడివైపు స్తంభానికీ మధ్య ఉండే చోటులో బొంత సగభాగం చుట్టి దూర్చాలి. ఇంటి మిషన్లలో చాలావాటికి అది 6, 7 అంగుళాలు. జుకీ టీఎల్ మిషన్లలో ఎనిమిదిన్నర వరకూ వస్తుంది. దూది పట్టీ పెట్టి కుట్టే పాశ్చాత్య బొంతలకు ఈ జాగా చాలక, అక్కడ 18 అంగుళాలకు మించిన పొడవాటి చేయి ఉన్న పెద్ద మిషన్లు వాడతారు. మన చీరల బొంతకు అంత అవసరం రాదు. 45 అంగుళాల బొంతలో నడిమి వరస కుట్టేటప్పుడు లోపలికి పోవలసింది 22 అంగుళాల గుడ్డే. ఆరు పొరలైనా అది పల్చటి నూలు కాబట్టి వదులుగా చుట్టినా రెండు మూడు అంగుళాల లావు దాటదు. కాబట్టి నడిమి వరసతో మొదలుపెట్టి ఇరువైపులా అంచులకు వస్తూ, అన్ని వరసలూ ఒకే చివర నుంచి కుట్టుకుంటూ పోతే మామూలు మిషనే చాలు. ఇక్కడ కాలి మిషన్‌కు పెద్ద అనుకూలత ఒకటుంది. దాని తల చెక్క బల్లలో దిగి ఉండి, పలక బల్లతో సమంగా ఉంటుంది. బొంత బరువంతా బల్ల మీదే పరుచుకుంటుంది. బల్ల మీద ఎత్తుగా నిలబడే చిన్న విద్యుత్ మిషన్ నుంచి అదే బొంత కిందికి వేలాడి సూదిని పక్కకు లాగుతుంది, కుట్టు తప్పుతుంది, ఒక్కోసారి సూదే విరుగుతుంది. అలాంటి మిషన్ కొంటే దాని ఎత్తుకు సరిపడే అదనపు బల్ల కూడా ఖర్చులో కలుపుకోవాలి.

మంచి మిషన్ దొరికాక కూడా సూది, దారం, కుట్టు పొడవు సరిగా కుదరాలి. ఆరు పొరలకు 14 లేదా 16 నంబరు సూది, నూలు దారం వాడాలి. సన్నటి సూది వంగి పలకకు తగులుతుంది. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. చేతికుట్టులో ఒకే దారం పైకీ కిందికీ తిరుగుతుంది కాబట్టి గుడ్డకు కదిలే స్వేచ్ఛ ఉంటుంది. మిషన్ కుట్టులో పైనా కిందా రెండు దారాలు ఎడతెగకుండా సాగుతాయి కాబట్టి చిన్న చిన్న కుట్లు దగ్గరగా వేస్తే బొంత అట్టలా బిగుసుకుపోతుంది. పొడవైన కుట్టు, వదులైన దారం బిగువు, వరసల మధ్య ఒకటిన్నర అంగుళాల ఎడం ఉంటే మెత్తదనం నిలుస్తుంది.

సాదా కుట్టు మిషనే చాలన్న ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. అతుకుల బొమ్మలు అంటించాలంటే జిగ్‌జాగ్ వద్దా, తీగలూ వలయాలూ కుట్టాలంటే ఆధునిక మిషన్ వద్దా అని అడుగుతారు. పై గుడ్డ మీద ఆకులు, పక్షులు, చందమామలు అతికి కుట్టేవాళ్ళకు జిగ్‌జాగ్ నిజంగా సాయం చేస్తుంది. వాళ్ళు రెండూ ఉన్న మిషన్ తీసుకుని, బొంత వరసలు కుట్టేటప్పుడు చిన్న రంధ్రం ఉన్న పలక మార్చుకోవచ్చు. తీగల కుట్టుకు కావలసింది పళ్ళను కిందికి దించే వీలు. అప్పుడు గుడ్డను చేత్తో ఎటు తిప్పితే అటు కుట్టు పడుతుంది. కాలి మిషన్ మీద రింగు బిగించి ఎంబ్రాయిడరీ చేసేవాళ్ళు మన ఊళ్ళలో ఎప్పటినుంచో వాడుతున్న పద్ధతే ఇది. వంద కుట్ల ఖరీదు కట్టకుండానే ఈ అవసరాలు తీరతాయన్నమాట. పైగా నల్ల మిషన్ బాగుచేసే మెకానిక్, దాని విడిభాగాలు చిన్న పట్టణంలో కూడా దొరుకుతాయి. ఎలక్ట్రానిక్ బోర్డు చెడిపోయిన మిషన్‌కు ఆ సౌకర్యం ఉండదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. చేతి కుట్టే బొంతకు ప్రాణం, మిషన్ పెడితే సంప్రదాయం పోతుందంటారు. లెక్క చూద్దాం. ఆరడుగుల బొంతకు అంగుళం ఎడంతో 45 వరసలు వేస్తే మొత్తం కుట్టు పొడవు 82 మీటర్లు. అంగుళానికి 8 చొప్పున దాదాపు 26 వేల కుట్లు. నిమిషానికి 500 కుట్లు పడితే మిషన్ నడిచే సమయం గంటలోపే. అదే చేత్తో అయితే తీరిక దొరికిన పూటల్లా కూర్చుని కుట్టాలి. ఆ తీరిక లేకనే చాలా ఇళ్ళలో పాత చీరలు బొంతలు కాకుండా మూటల్లో మగ్గుతున్నాయి. ఏ చీర పక్కన ఏ చీర వేయాలి, మెత్తనిది ఏ వైపుకు రావాలి, ఏ అంచు మిగలాలి అన్న ఎంపికలోనే బొంత కళ ఎక్కువగా ఉంది. ఆ ఎంపిక మిషన్ చేయదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టిన హారియెట్ పవర్స్ 1886 ప్రాంతంలో కుట్టిన బైబిల్ బొంత ఈనాడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. అందులో చేతికుట్టూ ఉంది, మిషన్ కుట్టూ ఉంది. అమెరికాలోని పాడుకా పట్టణంలో జరిగే పెద్ద బొంతల పోటీలో మిషన్‌తో కుట్టిన బొంతకు అగ్ర బహుమతి తొలిసారి దక్కింది 1989లో. కారిల్ బ్రయర్ ఫాలర్ట్ కుట్టిన సూర్యగ్రహణం బొంత అది. అప్పటిదాకా చేతికుట్టుకే దక్కిన గౌరవం అప్పటినుంచి పనితనానికి దక్కింది. యంత్రాల పట్ల ఎంతో జాగ్రత్తగా ఉన్న గాంధీజీ కూడా 1924లో ఆ విషయం చర్చిస్తూ సింగర్ కుట్టు మిషన్‌ను మినహాయింపుగా పేర్కొన్నారు. మనిషిని పక్కకు నెట్టకుండా మనిషి శ్రమను తగ్గించే యంత్రమని ఆయన భావం. పసిపిల్లల కింద పరిచే చిన్న బొంతను మాత్రం చేత్తో కుట్టడమే మేలు. అక్కడ మెత్తదనం అన్నిటికంటే ముఖ్యం, పని కూడా చిన్నదే.

వీధి వీధీ తిరిగి బొంతలు కుట్టే స్త్రీల బతుకుతెరువు మిషన్‌తో పోదా అన్నది మూడో ప్రశ్న. పొరలు పరిచే ఒడుపు, పాత గుడ్డ సత్తువ వేలితో తడిమి చెప్పే నేర్పు వాళ్ళవి. మిషన్ వాళ్ళ చేతికే రావాలి, అప్పుడు అదే రోజులో ఎక్కువ బొంతలు, ఎక్కువ కూలి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సాయం ఉంది. బొంత కుట్టేవాళ్ళనూ ఆ వరసలో చూడవలసిన బాధ్యత అధికారులది, అడగవలసిన బాధ్యత మనది. దుకాణంలో చవకగా పాలియెస్టర్ దుప్పటి దొరుకుతుండగా ఇదంతా ఎందుకని ఎవరైనా అడిగితే జవాబు సులువు. నూలు బొంత చెమట పీలుస్తుంది, ఇంట్లోనే ఉతకవచ్చు, చిరిగితే మీద మరో చీర వేసి మళ్ళీ కుట్టుకోవచ్చు. దానికి కావలసిన గుడ్డ అప్పటికే ఇంట్లో ఉంది.

కాబట్టి మిషన్ కొనబోయేవాళ్ళు దుకాణానికి ఉత్త చేతులతో వెళ్ళకండి. పాత నూలు చీర నుంచి మూరెడు పొడవున్న ఆరు ముక్కలు సమంగా కత్తిరించి వెంట తీసుకెళ్ళండి. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ మిషన్ మీద మీరే నాలుగు వరసలు కుట్టండి. చివర పై ముక్క ఎంత మిగిలిందో చూడండి, వెనక్కి తిప్పి కుట్టు సమంగా పడిందో లేదో చూడండి. వాకింగ్ ఫుట్‌తో మరోసారి అదే పని చేయండి. ఏ మిషన్ మీద ఆరు ముక్కల చివరలూ కలిసి ఉంటాయో అదే మీ మిషన్. ఈ పరీక్షను అన్నిటికంటే ముందు ఇంట్లో ఉన్న పాత మిషన్‌కు పెట్టండి. తుప్పు తుడిచి, నూనె వేసి, కొత్త సూది, కొత్త బెల్టు తగిలిస్తే చాలామందికి కొనే అవసరమే రాకపోవచ్చు.