కన్నీరు ఒక్కటే సాక్ష్యమా?

మనిషి మనసు ముఖంలోనే తెలిసిపోతుందని సులువుగా అనేస్తాం. భివండి సాంచెల షెడ్డులో ఈ మాట నిలవదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వచ్చిన తెలుగు నేతపనివారికి ఆ ఊళ్లో పద్మానగర్ వంటి పేటలున్నాయి. సాంచెలు నడుస్తున్నప్పుడు పక్కనున్నవాడి మాట వినిపించదు. పెదవి కదలిక, చేతి సైగ, కనుబొమ విరుపు, ఇవే అక్కడి భాష.

భరతుడు నాట్యశాస్త్రంలో 8 సాత్త్విక భావాలు చెప్పాడు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. మనసులోని ఉద్వేగానికి శరీరం పలికే సాక్ష్యాలివి. కాని షెడ్డులో ఉక్కకు చెమట పోస్తుంది. నూలుపొట్టు పడి కన్ను నీరు కారుతుంది. మోతను మించి అరిచి గొంతు రాస్తుంది. రాత్రిపాళీ చేసినవాని ముఖం పాలిపోతుంది. ఆ ఎనిమిదిలో నాలుగు ఏ దుఃఖమూ లేకుండానే కలుగుతున్నాయి. నిజంగా ఏడ్చినవాడు సైతం నేరం నూలుపొట్టు మీదికి నెట్టి కళ్లు తుడుచుకోవచ్చు.

ఈ చిక్కును అభినవగుప్తుడు ఏనాడో గుర్తించాడు. కన్నీరు ఆనందంలోనూ వస్తుంది, కంటిజబ్బులోనూ వస్తుంది. అందుచేత అనుభావం ఒక్కటే చాలదు. విభావం, అంటే కారణం, తోడు కావాలి. 1872లో భావప్రకటనపై గ్రంథం వెలువరించిన డార్విన్ కూడా కొన్ని ముఖచిత్రాలను వివరణ లేకుండా 20 మందికి పైగా చూపించాడు. కొన్నింటి విషయంలో దాదాపు అందరూ ఒకే మాట అన్నారు. మరికొన్నింటికి తలా ఒక అర్థం చెప్పారు.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' (1964) చివర సీతారాముడు తన కొడుకునే చంపుతాడు. ఆ చేత ఒక్కటే చూస్తే అది క్రౌర్యం. అప్పు తగవు, పంచాయితీ తీర్పు, బిడ్డకు రాబోయే బానిసతనం తెలిసిన పాఠకునికి ఆ చేతిలోని ప్రేమా, నిస్సహాయతా కనిపిస్తాయి. రచయిత కన్నీళ్లను లెక్కపెట్టలేదు, కారణాన్ని ఓపికగా కట్టుకొచ్చాడు.

వలస కార్మికునిపై కథ రాసే మన విద్యార్థులు తరచు పాత్రచేత ఏడిపిస్తారు. చదివేవారు ఏడవని పాత్రను రాయి అనుకుంటారు. రెండూ ఒకే పొరపాటు. తెగిన పోగును ముడివేస్తున్న మనిషి ముఖం మీద ఏమీ కనిపించకపోవచ్చు. ఇంటి నుంచి ఏ కబురు వచ్చిందో, ఎవరికెంత బాకీ ఉన్నాడో తెలిస్తే ఆ మౌనం అర్థమవుతుంది. విమర్శకుడు మొదట అడగవలసిన ప్రశ్న అదే.