నాలుగు సీట్ల వేలంపాట

హైదరాబాద్ శివారులోని బాలాపూర్ గణేశుడి లడ్డూను 1994లో వేలంలో 450 రూపాయలకు పాడుకున్నారు. 2025లో అక్కడి లడ్డూ 35 లక్షలు పలికింది. ఆ పాట ఇప్పుడు ఐటీ కారిడార్‌కూ పాకింది. రాయదుర్గం మై హోమ్ భుజాలో 2025లో లడ్డూ ధర 51 లక్షలు దాటింది. బండ్లగూడ జాగీర్‌లోని కీర్తి రిచ్‌మండ్ విల్లాస్‌లో 2024లో కోటీ 87 లక్షలకు పాడారు, మరుసటి ఏడాది పాట రెండు కోట్ల 31 లక్షలు దాటింది. బాలాపూర్ డబ్బు ఊరి గుడికీ బడికీ ఇతర పనులకూ ఖర్చవుతుంది. విల్లాల డబ్బు అక్కడివాళ్లే పెట్టుకున్న ట్రస్టు చేతుల మీదుగా సేవకు వెళ్తుంది.

ఇన్ని లక్షలు పోసేవాళ్లు తీపి కోసం పాడరు. భక్తి ఉంటుంది, పరువు ఉంటుంది, పక్కవాళ్లతో పోటీ ఉంటుంది. వాటితోపాటు ఆ సొమ్ము ఏ పనికి పోతుందో అందరికీ తెలిసి ఉంటుంది. ఇంకొక సుఖం కూడా ఉంది: పాట ముగిసిన కాసేపటికే లడ్డూ గెలిచినవాళ్ల నెత్తికెక్కుతుంది. ఇవ్వాల్సిన వస్తువు ఇచ్చేసినట్టే.

ఆఫీసుల్లో జరిగే చారిటీ వేలంలో చాలాసార్లు ఈ సుఖం ఉండదు. ముఖ్యంగా వేలానికి పెట్టింది వస్తువు కాక ఒక పూట అయినప్పుడు. ఇంటికి పిలిచి పెట్టే భోజనం, ఫొటోగ్రఫీ పాఠం, పెద్ద ఉద్యోగంలో ఉన్నవారితో గంటసేపు మాట్లాడే అవకాశం, పడవలో ఒక ఉదయం. ఇలాంటివాటికి మనుషులు ఎంత ఇస్తారో ప్రపంచమంతా చూసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పేదలకు సేవ చేసే గ్లైడ్ అనే సంస్థ కోసం వారెన్ బఫెట్ 2000 సంవత్సరం నుంచి తనతో భోజనాన్ని వేలానికి పెట్టారు. మొదటి ఏడాది 25 వేల డాలర్లు వచ్చాయి. 2022 వేలంలో ఒక్క భోజనం కోటీ 90 లక్షల డాలర్లు పలికింది. మొత్తం కలిపి ఐదు కోట్ల డాలర్ల పైమాటే. ప్రతిసారీ ఆయన చెప్పినట్టే వచ్చి భోజనానికి కూర్చోబట్టే మళ్లీ పాట నడిచింది.

హైదరాబాద్‌లో పడవ ఎక్కడిది అని అడగనక్కర్లేదు. మాదాపూర్‌కూ జూబ్లీహిల్స్‌కూ నడుమ బండరాళ్ల మధ్య ఒదిగిన దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీళ్లిచ్చింది. 2020 సెప్టెంబరులో దాని మీద కేబుల్ బ్రిడ్జి వచ్చాక రోజూ వేలమంది ఆ నీళ్ల మీదుగానే ఆఫీసుకు వెళ్లొస్తున్నారు. అద్దాల మేడల్లో ఎంతోమందికి సీటులోంచి చూస్తేనే చెరువు కనిపిస్తుంది. అయినా ఆ నీటి మీద ఒక్కసారైనా కూర్చున్నవాళ్లు ఎంతమందో టీమ్ మీటింగులో చేతులెత్తమంటే తెలిసిపోతుంది. ఇక ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 16వ శతాబ్దంలో తవ్విన హుస్సేన్‌సాగర్ తెరచాప పడవలకు దశాబ్దాలుగా ఇల్లు. సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అక్కడే ఉన్నాయి. వానాకాలపు పడమటి గాలులు పుంజుకోగానే హైదరాబాద్ సెయిలింగ్ వీక్, మాన్సూన్ రెగట్టా లాంటి పోటీలు మొదలవుతాయి.

గచ్చిబౌలిలో కోడ్ రాస్తూ శని, ఆదివారాల్లో ఏదో ఒక క్లబ్బులో సెయిలింగ్ నేర్చుకున్న ఒకరిని ఊహించుకుందాం. దాన్ ఉత్సవ్ దగ్గరపడింది. గాంధీ జయంతితో మొదలై అక్టోబరు 8 దాకా నడిచే ఈ దానాల వారం 2009లో మొదలైంది, కార్పొరేట్ ఆఫీసుల్లో బాగా వేళ్లూనుకుంది. వేలానికి ఏమైనా ఇవ్వమని హెచ్ఆర్ నుంచి మెయిల్ వస్తుంది. ఆయన ఒక్క లైను రాసి పంపేస్తాడు: హుస్సేన్‌సాగర్‌లో బోటింగ్, నేనే తీసుకెళ్తాను. ఆఫీసులో సందడి లేస్తుంది. పాట బాగా సాగుతుంది, డబ్బు ట్రస్టుకు చేరుతుంది, గ్రూపులో చప్పట్ల బొమ్మలు కురుస్తాయి. ఆ తర్వాత రిలీజ్, ఆ తర్వాత పండుగ సెలవులు, ఆ తర్వాత గెలిచినావిడ టీమ్ మారిపోవడం. సంక్రాంతి వెళ్లిపోయాక అడగాలంటే ఆవిడకు మొహమాటం, గుర్తుచేయాలంటే ఆయనకు బద్ధకం. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. అయినా ఇస్తానన్న ఉదయం మాత్రం రాలేదు.

ఇవి మనుషుల గుణం వల్ల వచ్చే తిప్పలు కావు. ఆ ఒక్క లైను వల్ల వచ్చేవి. పడవ ప్రయాణాన్ని దానం చేసే పని సగం నీటి మీద జరిగితే, సగం వేలం బల్ల మీద పెట్టే కార్డులో జరుగుతుంది. కార్డు ఇలా ఉండాలి:

"హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ ప్రయాణం. నలుగురికి. పన్నెండేళ్లు నిండినవాళ్లకు. నవంబరు, డిసెంబరు నెలల్లో కింద రాసిన నాలుగు ఆదివారాల్లో ఏదో ఒకటి. పొద్దున ఆరున్నరకు జెట్టీ దగ్గర, ఎనిమిదిన్నరకు ఒడ్డుకు. పడవ నడిపేది దాత, తోడుగా క్లబ్బు శిక్షకుడు. లైఫ్ జాకెట్లు మావే, నీళ్లలో ఉన్నంతసేపూ తీయకూడదు. ఫ్లాస్కులో చాయ్ మాది, టిఫిన్ మీది. గాలీ వానా తేడాగా ఉంటే వెళ్లాలా వద్దా అన్నది పడవ నడిపేవారి మాటే. ఆ ఆదివారం పోతే తర్వాతి ఆదివారం. డిసెంబరు 31లోగా ప్రయాణం జరగకపోతే పాడుకున్న సొమ్ముకు సమానమైన మొత్తం దాతే ట్రస్టుకు ఇచ్చి, గెలిచినవారి సొమ్ము వారికి తిరిగి ఇప్పిస్తారు."

చివరి వాక్యం బరువైనదే. దాన్ని రాయడానికి చెయ్యి రానివారు ఇంకా ఇవ్వడానికి సిద్ధపడలేదనే అర్థం. ఆ వాక్యం చదివినవాళ్లు మాత్రం ధైర్యంగా పాడతారు. అమెరికాలో పిల్లల స్కూళ్ల నిధుల కోసం జరిగే సైలెంట్ ఆక్షన్లు చూసిన తెలుగు కుటుంబాలకు ఈ పద్ధతి తెలుసు. అక్కడ బల్ల మీద కాగితంలో తేదీలు, షరతులు, కనీస ధర అన్నీ ముందే ఉంటాయి. కింద గీతల మీద ఒకరి తర్వాత ఒకరు తమ ధర రాసుకుంటూ పోతారు.

నవంబరు, డిసెంబరు అని రాయడానికి కారణం ఉంది. పోటీలకు దిగేవాళ్లకు జూలై, ఆగస్టు గాలి కావాలి. మొదటిసారి పడవెక్కే అతిథులకు అది భయం పుట్టిస్తుంది. సెప్టెంబరు మీద నమ్మకం పెట్టుకోలేం. వినాయక నిమజ్జనాల వేళ ట్యాంక్‌బండ్ పొడుగునా క్రేన్లు నిలబడతాయి, వేల విగ్రహాలు నీళ్లలోకి దిగుతాయి, ఆ తర్వాత వాటి అవశేషాలను తొలగించే పని సాగుతుంది. చలికాలం పొద్దున గాలి మెత్తగా ఉంటుంది, పడవ నిదానంగా కదులుతుంది. కొత్తవారికి తాడు చేతికిచ్చి తెరచాప లాగించడానికి అదే తగిన సమయం.

సొంత పడవ లేనివారూ ఈ దానం చేయవచ్చు. టూరిజం శాఖ నడిపే బోట్లలో ఒక పూటకు అద్దె కట్టి, ఆ పూటను వేలానికి ఇస్తే సరిపోతుంది. అప్పుడు కార్డులో దాత పేరుతోపాటు పడవ ఎవరిదో, నడిపేదెవరో కూడా రాయాలి. చేయకూడనిది ఒక్కటే ఉంది: స్నేహితుడి పడవ కదా అని, అనుమతి ఉందో లేదో అడగకుండా సీట్లు వేలం వేసేయడం.

ఈ మాట గట్టిగా చెప్పడానికి తెలుగు నేల మీద కావలసినన్ని కన్నీళ్లున్నాయి. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని ప్రైవేటు పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ట అనే పడవ గోదావరి వరదలో కచ్చులూరు దగ్గర మునిగింది. దాదాపు యాభై మంది ప్రాణాలు పోయాయి, వారిలో హైదరాబాద్, వరంగల్ నుంచి సెలవురోజు సరదాకు వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు. హుస్సేన్‌సాగర్‌లోనే 2025 జనవరి 26 రాత్రి బాణసంచా అంటుకుని పడవలు కాలిపోయాయి, మనుషులు చనిపోయారు. 2021లో వచ్చిన ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం యంత్రంతో నడిచే పడవలకు రిజిస్ట్రేషన్, సర్వే, బీమా, నడిపేవారికి అర్హత పత్రం ఉండాలంటోంది. సేవ కోసం నడిపినంత మాత్రాన నీళ్లు కనికరించవు. పుట్టినరోజు కొవ్వొత్తులూ కాకరపువ్వొత్తులూ పడవలోకి రాకూడదని కార్డులో ఒక ముక్క చేరిస్తే ఇంకా మంచిది.

జెట్టీ మీద అతిథికి లైఫ్ జాకెట్ తొడగడం కూడా ఈ దానంలో భాగమే. బకిల్స్ అన్నీ బిగించాక జాకెట్‌ను రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. అది గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే ఆ మనిషికి పెద్దదన్నమాట, నీళ్లలో పడితే మనిషిని వదిలి తాను పైకి తేలుతుంది. ఇంకో సైజు తీసుకోవాలి. తర్వాత బూమ్ అనే అడ్డకర్రను చేత్తో ఇటూ అటూ జరిపి చూపించాలి. పడవ గాలికి అటువైపు మళ్లినప్పుడు ఆ కర్ర ఒక్క ఊపున తలల మీదుగా వస్తుంది, వంగమన్నప్పుడు వంగాలి. ఎవరికి ఈత రాదో నలుగురిలో కాక విడిగా అడగాలి. పదిమందిలో రాదని చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. ఈ పది నిమిషాలు ఓపిగ్గా గడిపినవారి పడవలో పిల్లలు కూడా నింపాదిగా కూర్చుంటారు.

డబ్బు లెక్క కూడా ముందే తేలాలి. మన ఆదాయపు పన్ను నియమాల్లో 80జి అని అందరికీ అలవాటైన మినహాయింపు డబ్బుగా ఇచ్చిన విరాళాలకే వర్తిస్తుంది, వస్తువుకూ సేవకూ కాదు. అంటే పడవ ప్రయాణం దానం చేసినవారికి పన్నులో ఏమీ రాదు. నగదుగా ఇచ్చిన విరాళం రెండు వేలు దాటితే దానికి మినహాయింపు లేదు కాబట్టి పాట సొమ్ము బ్యాంకు ద్వారా రావాలి. గెలిచినవారికి డబ్బుకు బదులు ఒక ప్రయాణం దక్కుతోంది కనుక మొత్తానికీ 80జి రసీదు ఇస్తామని మైకులో ప్రకటించే ముందు ట్రస్టు ఆడిటరును అడగాలి. అమెరికాలోనూ దాదాపు ఇంతే. అక్కడ గెలిచినవారు ప్రయాణం అసలు విలువకు మించి కట్టిన భాగాన్నే విరాళంగా చూపుకోగలరు. పడవను వాడుకోనిచ్చినందుకు యజమానికి మినహాయింపు ఉండదు. ఈ సంగతి తెలిసినా ఇస్తున్నవారు ఉన్నారంటే వారికి పడవ మీదా, ఆ సొమ్ము చేరే చోటు మీదా ప్రేమ ఉండబట్టే.

ఆ చోటు కూడా చెరువు ఒడ్డునే ఉండవచ్చు. ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవ కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. రెండు మీటర్లకు కాస్త పైన పొడుగు, ఒట్టి పడవ బరువు 35 కిలోలు, ఒకే తెరచాప. 1947లో ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లో ఆప్టిమిస్ట్ అనే సేవా క్లబ్బు పిల్లల కోసం చవకగా చేసుకోగల పడవ కావాలంటే క్లార్క్ మిల్స్ దాన్ని గీసి, తయారుచేసి ఇచ్చాడు. ఊరివాళ్లు పిల్లల మీద మమకారంతో మొదలుపెట్టిన ఆ పడవలో ఈనాడు ప్రపంచమంతా పదిహేనేళ్లలోపు పిల్లలు సెయిలింగ్ నేర్చుకుంటున్నారు. హుస్సేన్‌సాగర్ మీద పొద్దుటిపూట బాతుపిల్లల్లా వరసకట్టే తెల్ల తెరచాపల్లో చాలావరకు అవే.

సాఫ్ట్‌వేర్ రంగం నుంచి వచ్చిన సుహేమ్ షేక్ మొదలుపెట్టిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఈ ఆటను డబ్బున్నవాళ్ల దగ్గరే ఆగిపోనివ్వలేదు. బస్తీల నుంచి, పేద పిల్లల బడుల నుంచి వచ్చినవారికి శిక్షణ ఇచ్చింది. అమ్మాయిల కోసం నావిక పేరుతో ప్రత్యేకంగా కార్యక్రమం నడిపింది. అక్కడ నేర్చుకున్న కొంగర ప్రీతి 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో సెయిలింగ్ 470 మిక్స్‌డ్ విభాగంలో భారత్ తరఫున పోటీపడింది. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఊరి పిల్ల అంతదాకా వెళ్లాలంటే తెరచాపలు, తాళ్లు, రైలు టికెట్లు, పోటీల ఫీజులు, పౌష్టికాహారం అన్నిటికీ ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి. పడవ సీట్లు వేలం వేసిన సొమ్ము ఇలాంటి పిల్లలకు చేరితే పాడేవాళ్లకు అది కళ్లెదుటే కనిపిస్తుంది. బాలాపూర్‌లో పాటను నడిపించే బలం ఇదే. ఐటీ ఆఫీసుల వేలాలు ఆ ఊరి నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ఒక చిన్న అలవాటు తోడైతే ఇంకా బాగుంటుంది: నాలుగు సీట్లు గెలిచినవారు రెండింటిలోనే తమవాళ్లను కూర్చోబెట్టి, మిగతా రెండు అదే ట్రస్టు పిల్లలకు వదలడం. కార్డులో అందుకు ఒక గడి పెడితే చాలు, ఇష్టమున్నవారు టిక్ చేస్తారు. పిల్లలతోపాటు ట్రస్టు తరఫున పెద్దవారొకరు ఒడ్డున ఉండాలి, తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకోవాలి.

దాన్ ఉత్సవ్‌కు పడవ ఇద్దామనుకునేవారు ఆగస్టులోనే కదలాలి. ముందు క్లబ్బుతోనో టూరిజం శాఖతోనో మాట్లాడి నాలుగు ఆదివారాలు రాయించుకోవాలి, ఆ తర్వాతే హెచ్ఆర్‌కు జవాబు పంపాలి. నిర్వాహకులు కూడా వేలం రాత్రి వచ్చిన మొత్తాన్ని ప్రకటించి పని అయిపోయిందనుకోకుండా, ప్రయాణం జరిగిన తేదీ రాసుకోవడానికి రిజిస్టరులో ఇంకొక గడి ఉంచుకోవాలి. జనవరి మొదటి వారంలో ఆ గడి ఖాళీగా కనిపిస్తే దాతకు ఫోన్ చేసే బాధ్యత ఎవరిదో కూడా అప్పుడే పేరు పెట్టి రాసుకోవాలి.