రన్నింగ్ నోట్స్

నంద్యాల బ్యాంకు కోచింగ్ క్లాసుల్లో ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని పాఠం వినే పిల్లలు నాకెక్కడా కనబడలేదు. బెంచీకి నలుగురైదుగురు, మోచెయ్యికి మోచెయ్యి తగులుతుంటుంది. ల్యాప్‌టాప్ తెరవడానికి జాగా ఏది? అందుకే చేతిరాత మేలా, కీబోర్డు మేలా అని అమెరికా యూనివర్సిటీల్లో నలుగుతున్న వాదన మన దగ్గర వేరే వేషంలో దిగింది. ఇక్కడ నోటుబుక్కుకు పోటీ ఫోను. సారు బోర్డు తుడిచేలోపు ఒక ఫోటో, రాత్రికి టెలిగ్రామ్‌లో ఒక పీడీఎఫ్. ఇంకేం, పాఠం మన దగ్గరే ఉంది కదా అని ధీమా.

ఆ ధీమాతోనే నాకు పేచీ.

మా అన్న కూతురు ఆళ్లగడ్డ నుంచి వచ్చి నంద్యాలలో గది తీసుకుని బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. ఆళ్లగడ్డకు రైలు లేదు, సుమారు 40 కిలోమీటర్లు బస్సులో రావాల్సిందే. రోజూ తిరిగితే చదువు సాగదు. గురు రాఘవేంద్ర వంటి కోచింగ్ సెంటర్ల పేరు విని ఎక్కడెక్కడి జిల్లాల నుంచో ఇలాంటి పిల్లలు ఈ ఊరికి వస్తారు. మెస్సులు, హాస్టళ్లు, జెరాక్స్ షాపులు వాళ్ల మీదే నడుస్తుంటాయి.

మొన్న ఆ పిల్ల నోటుబుక్కు తిరగేశాను. ఎడమ పేజీలో బోర్డు మీది లెక్క. కుడి పేజీలో అదే లెక్క తనకు తోచిన అడ్డదారిలో. రెపో రేటు పాఠం దగ్గర పైకి ఒక బాణం, పక్కన ‘అప్పు ప్రియం’, దాని పక్కన ‘కొనుగోళ్లు’ అని రాసి కిందికి ఒక బాణం, చివర ‘ధరలు’ అని రాసి గుండ్రంగా చుట్టింది. ధరలు మండుతుంటే రిజర్వు బ్యాంకు ఏం చేస్తుందో ఒకటిన్నర లైనులో వచ్చేసింది. అక్కడక్కడా మార్జిన్‌లో ఎర్రసిరాతో ప్రశ్నగుర్తులు.

“ఇవేందమ్మా?” అన్నాను.

“పట్టుబడనివి చిన్నాయనా. రాసేటప్పుడే తెలిసిపోతాది ఏది అర్థం కాల్యేదో. ఫోటో తీసినామనుకో, అంతా వచ్చినట్టే ఉంటాది.”

నేను పేజీలు పేజీలు రాసినా ఇంతకంటే బాగా చెప్పలేను.

2014లో పామ్ ముల్లర్, డానియెల్ ఓపెన్‌హైమర్ అనే పరిశోధకులు విద్యార్థులకు టెడ్ ప్రసంగాలు చూపించి, కొందరిని చేత్తో, కొందరిని ల్యాప్‌టాప్‌లో నోట్స్ తీసుకోమన్నారు. ల్యాప్‌టాప్ వాళ్లు వక్త మాటలను ఎక్కువగా ఉన్నదున్నట్టే దించేశారు. విషయాన్ని అర్థం చేసుకుని జవాబివ్వాల్సిన ప్రశ్నల దగ్గర వెనకబడ్డారు. మాటకు మాట దించొద్దని ముందే హెచ్చరించినా వేళ్లు ఆగలేదట. 2021లో హెథర్ ఉర్రీ బృందం అదే ప్రయోగాన్ని మళ్లీ చేసింది. ల్యాప్‌టాప్ వాళ్లు ఎక్కువ మాటలు దించడం ఈసారీ కనిపించింది, మార్కుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. చేతిరాత పక్షాన మాట్లాడేవాళ్లం ఈ రెండోదాన్ని దాచకూడదు. రెండుసార్లూ నిలబడ్డ సంగతి ఒకటుంది కదా, నేను పట్టుకునేది దాన్నే: వేళ్లకు వేగం ఉంటే మనిషి ఏరుకోవడం మానేస్తాడు. మాట వేగాన్ని చెయ్యి అందుకోలేదు కాబట్టి ఏది రాయాలో, ఏది వదలాలో అక్కడికక్కడే తేల్చుకోక తప్పదు. ఆ తేల్చుకోవడమే చదువు.

అలాగని పెన్ను పట్టినంత మాత్రాన అది జరిగిపోదు. మా డిగ్రీ రోజుల్లో డిక్టేషన్ నోట్స్ అనే జబ్బు ఉండేది. పసుపుబారిన కాగితాలు చూసి లెక్చరరు చదివేవారు, మేం తలెత్తకుండా రాసేవాళ్లం. వేళ్లు పీక్కుపోయేవి, బుర్రలోకి ఒక్క వాక్యమూ దిగేది కాదు. రన్నింగ్ నోట్స్ దీనికి పూర్తిగా వేరు. ఇందులో వినేవాడు తన మాటల్లో, తన పొట్టి గుర్తుల్లో రాసుకుంటాడు, ఇంకొకరికి అది సగం అర్థం కూడా కాదు. ఉద్యోగం వచ్చినవాళ్ల నోట్సు జెరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ వేయించి, బీరువాలో పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు దిగులేస్తుంది. ఆ నోట్సు పని అది రాస్తున్నప్పుడే, రాసినవాడి తలలోనే చాలావరకు అయిపోయింది. మనకు దక్కేది కాగితం.

తెలుగులో రాసుకునేవాళ్ల సంగతి మరీ వేరు. ఆ ప్రయోగాలన్నీ ఇంగ్లీషు కీబోర్డు మీద జరిగినవి. ‘ద్రవ్యోల్బణం’ అని ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద కొట్టి చూడండి. వత్తు వచ్చిన ప్రతిచోటా హల్లుకీ హల్లుకీ మధ్య పొల్లు మీట నొక్కాలి, మొత్తం 12 మీటలు. అంతలో సారు రెండు వాక్యాలు దాటిపోతారు. మనవాళ్లలో ఎక్కువమంది ఆ కీబోర్డు నేర్చుకోనే లేదు, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. ల్యాప్‌టాప్‌కున్న ఒకే ఒక్క లాభం వేగం. తెలుగు పాఠం వింటూ కొట్టేవాడికి అదీ మిగలదు.

పరీక్ష కంప్యూటర్ మీదే కదా, ఇంకా కాగితమెందుకు అంటారు. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ పెట్టే ప్రొబేషనరీ ఆఫీసరు, క్లర్క్ ప్రిలిమ్స్‌లో 60 నిమిషాలకు 100 ప్రశ్నలు. ప్రశ్న తెర మీద ఉంటుంది. ఎనిమిది మంది గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్నారు, కొందరు లోపలికి, కొందరు బయటికి చూస్తున్నారు అనే పజిల్ వచ్చిందంటే మౌసు ఎందుకూ కొరగాదు. రఫ్ షీటు మీద చకచకా వృత్తం గీసి, పేర్ల మొదటి అక్షరాలు కూర్చి, కుదరనిదాన్ని కొట్టేసి, మళ్లీ కూర్చాలి. ఆ చెయ్యి క్లాసులో ఎన్ని వృత్తాలు గీసిందో ఆ రెండు మూడు నిమిషాల్లో బయటపడుతుంది.

ఆళ్లగడ్డ శిల్పుల షెడ్ల పక్కన పెరిగినవాణ్ని, చేత్తో గీసి నేర్చుకునే ఈ పద్ధతి నాకు కొత్త కాదు. రాయి మీద గీత పడనిదే ఉలి పడదు. నవతాళమంటే విగ్రహం ఎత్తు ముఖానికి తొమ్మిదింతలని, ముఖాన్ని 12 అంగుళాలుగా లెక్కిస్తే మొత్తం 108 అని శిల్పశాస్త్రంలో ఉంది, ఇవాళ ఫోనులోనూ దొరుకుతుంది. పని నేర్చుకునే కుర్రాడు ఆ గీతలు తన చేత్తో గీసుకోవాల్సిందే.

అన్నీ చేత్తోనే అని పంతం పట్టను. చూపు తక్కువైనవాళ్లకు, చెయ్యి సహకరించనివాళ్లకు క్లాసులో ల్యాప్‌టాప్ పెట్టుకునే జాగా సెంటర్లే చూపించాలి. ఐబీపీఎస్ ప్రొబేషనరీ ఆఫీసరు పోస్టుల మెయిన్స్‌లో డిస్క్రిప్టివ్ పేపరు కీబోర్డు మీదే రాయాలి, అరగంట సమయం. మా పిల్ల గదిలో ముగ్గురికీ కలిపి ఒకటే పాత ల్యాప్‌టాప్. రాత్రి భోజనాలయ్యాక వంతులవారీగా తలా అరగంట వ్యాసం కొడుతున్నారు. టైపింగ్ అలవాటు లేనివాళ్లు ప్రిలిమ్స్ ఫలితాల దాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి.

పాఠాలు చెప్పే సార్లకు, మేడాలకు నాదొక మనవి. పీడీఎఫ్ గ్రూపులో పెట్టండి, కాదనను. కానీ క్లాసు చివర ఐదు నిమిషాలు బోర్డు తుడిచేసి, ఫోన్లు బ్యాగుల్లో పెట్టించి, ఆరోజు అర్థమైందీ కానిదీ పిల్లలను సొంత మాటల్లో రాసుకోనివ్వండి. పీడీఎఫ్ ఆ తర్వాత పంపండి.