దస్తావేజు పలుకుబడి

భూమి అమ్మకం దస్తావేజును రసం కోసం ఎవరూ చదవరు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, వేలిముద్రలు అయ్యాక అది బీరువాలోకి వెళ్తుంది. అలాంటి కాగితాన్ని తీసి పైకి చదవండి. తెలుగు వచనానికి ఎంత గుండె బలముందో తెలుస్తుంది.

దస్తావేజు ఒక మనిషి మరో మనిషికి ఇచ్చే మాట. ‘నా మనఃపూర్వకముగా మీకు వ్రాయించి ఇచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు’ అనే ఎత్తుగడలోనే అమ్మేవాడు కొనేవాడి ఎదుట వచ్చి నిలబడతాడు. రొక్కం ముట్టిందంటాడు. ఆ మొత్తాన్ని అంకెల్లో వేసి, ‘అక్షరాలా’ అంటూ మళ్లీ పలుకుతాడు. అక్కణ్నుంచి వాక్యం ఆగదు. నేటి లగాయతు మీరు, మీ పుత్ర పౌత్ర పారంపర్యముగా, దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో... అంటూ ఒక్క ఊపిరిలో తరాలు దాటేస్తుంది. లగాయతు, తనఖా, జప్తు, తకరారు ఒకవైపు. సంస్కృత సమాసాలు ఇంకోవైపు. మధ్యలో సర్వే నంబరు. అన్నీ పెళ్లి పంక్తిలో చుట్టాల్లా సర్దుకుని కూర్చుంటాయి.

ఇక ఆ హక్కుల వరస! ‘నిధి నిక్షేప జల తరు పాషాణ’ సహితంగా అమ్ముతున్నామని ఇప్పటికీ రాసేవారున్నారు. విజయనగర కాలపు దానశాసనాల్లోని అష్టభోగాల ఛాయ ఇది: నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. 1878 నాటి చట్టం ప్రకారం, నేలలో 10 రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాల్సిందే. అయినా నాలుగు సెంట్ల ఇంటిస్థలం సైతం తన కడుపులోని నిధులతో సహా చేతులు మారుతుంది. కూలి డబ్బు కూడబెట్టి కొన్న జాగాకు రాజులిచ్చిన అగ్రహారపు దర్జా దక్కుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి హద్దులు. తూర్పు: పంటకాలువ. దక్షిణం: ఫలానా వారి చేను. పడమర: పుంత. ఉత్తరం: చెరువుగట్టు. ఒక్క క్రియాపదం లేదు, ఊరు కళ్లకు కడుతుంది. ఆస్తిని గుర్తుపట్టేలా వర్ణించాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ అడిగింది. మన లేఖరులు నాలుగు గీతల్లో బొమ్మే గీసి ఇచ్చారు. ఆ వెంటనే ‘సదరు నాలుగు హద్దుల మధ్య గల’ అని ముడి వేస్తారు. ‘సదరు’ ఎన్నిసార్లు వచ్చినా విసుగనిపించదు, చూపు ఆ నేల మీంచి చెదరదు.

చట్టం భాష సామాన్యుడికి అర్థం కావాలి, అందులో రెండో మాట లేదు. నోటీసులు, తీర్పులు తేటతెలుగులోకి రావాలి. ఆ పేరుతో దస్తావేజు నడకను మాత్రం తెంచెయ్యొద్దు. అర్థం కాని మాటకు అర్థం అడుగుదాం, మాటను కొట్టేయొద్దు. ఈసారి సంతకం పెట్టే ముందు లేఖరి చేత మొత్తం పైకి చదివించుకుని, చెవులారా వినండి.