ఆదివారపు డిగ్రీ విలువెంత?

"సారూ, ఇంటి దగ్గరుండి చదివితే డిగ్రీ వస్తుందా?" అని ఇంటర్ అయిన పిల్లలు ఏటా వేసవిలో మమ్మల్ని అడుగుతారు. వస్తుందనే చెబుతాం. మేము ముగ్గురం అలా తెచ్చుకున్నవాళ్లమే. కానీ ఆ డిగ్రీతో మాకు వచ్చిందేమిటి, రానిదేమిటి అన్నది ఇంతవరకూ ఎవరికీ విప్పి చెప్పలేదు. చెప్పాలంటే కొంత సిగ్గు కూడా. ఈ వ్యాసంలో ఆ సిగ్గు పక్కన పెడుతున్నాం.

మేము చింతూరు వైపు కోయ గూడేలవాళ్లం. ఒకే బ్యాచిలో డి.ఎడ్. చదివాం. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 వల్ల ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే దక్కిన రోజులవి. సొంత మండలంలోనే సెకండరీ గ్రేడ్ టీచర్లమయ్యాం. ఇంటికి జీతం వచ్చింది. ఆ తరువాతే తెలిసింది, డి.ఎడ్.తో ఆగిపోతే రిటైరయ్యేదాకా అదే మెట్టు మీద ఉంటామని. స్కూల్ అసిస్టెంటు కావాలంటే డిగ్రీ, దానిపైన బి.ఎడ్. ఉండాలి. ఉద్యోగం వదిలి కాలేజీకి పోలేం. ముగ్గురం దూరవిద్యలో బి.ఏ.కి కట్టాం.

దూరవిద్య అనగానే పెదవి విరిచేవాళ్లతో మాకు పొత్తు లేదు. ఈ దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన తెలుగు నేల మీదే పుట్టింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డినే 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు మొదటి వైస్ ఛాన్సలరుగా తీసుకున్నారు. కాలేజీ గడప తొక్కలేని కూలివాడికీ, కండక్టరుకీ, ఇల్లాలికీ తెలుగులో డిగ్రీ పాఠం రాసి చేతికివ్వడం చిన్న పని కాదు. ఆ పుస్తకాలు ఎంత బాగుంటాయంటే, డిగ్రీతో పనిలేని గ్రూప్స్ అభ్యర్థులు కూడా పాత పుస్తకాల కొట్లలో వాటిని వెతుక్కుంటారు.

ఇక మా చదువు సంగతి. మేము చేరిన విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అనవసరం. తరగతులు ఆదివారాలు. కోడి కూసే వేళకి బయలుదేరి, రెండు గంటలు బస్సులో నిలబడి కేంద్రానికి చేరేవాళ్లం. ఒక్కోసారి పాఠం చెప్పే ఆయన వచ్చేవాడు, ఒక్కోసారి రాడు. వచ్చినా నలభై మందికి నాలుగు సబ్జెక్టులు ఒక పూటలో దాటించాలి. నాలుగైదు ఆదివారాలకే మాకు కిటుకు తెలిసిపోయింది. సంతకం పెట్టి సంతకి పోయి, ఉప్పూ పప్పూ కొనుక్కుని సాయంత్రం బస్సెక్కేవాళ్లం. పుస్తకాలు పరీక్షలకి రెండు నెలల ముందు అందాయి. అప్పటికే బస్టాండు పక్క కొట్టులో గైడు కొన్నాం. గైడులోని ఇరవై ప్రశ్నలు బట్టీ కొడితే పన్నెండు వచ్చాయి. పాసయ్యాం. మూడేళ్లు అంతే. పుస్తకాలు ఆలస్యంగా పంపిన తప్పు వాళ్లది. అందిన తరువాత కూడా తెరవని తప్పు మాత్రం మాదే.

తరువాత సర్వీసులో ఉంటూనే దూరవిద్యలో బి.ఎడ్. చేశాం. (ఇక్కడొక మాట. దూరవిద్య బి.ఎడ్. అప్పటికే టీచరు శిక్షణ పొందినవాళ్లకి. డిగ్రీ అయిన ప్రతి ఒక్కరికీ అది దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.) సీనియారిటీలో మా వంతు వచ్చింది. సాంఘికశాస్త్రం స్కూల్ అసిస్టెంటు. జీతం పెరిగింది, హైస్కూలు మాస్టారన్న పేరు వచ్చింది. కాగితం తన పని తాను చేసింది.

2022 జులైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. శబరి ఎగదన్ని చింతూరు వాగులన్నీ పొంగాయి. నీరు తీసి, బురద కడిగి, బడి తెరిచాక పదో తరగతిలో ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, సోకిలేరు నీళ్లు శబరిలోకి పోవాలి కదా. మరి కిందనుంచి పైకి ఎందుకొచ్చాయి? ఆ రోజు మా ఊళ్లో అంత వాన కూడా లేదు."

ఆ పిల్ల ముందు మేము నిలబడిపోయాం. బి.ఏ.లో భూగోళశాస్త్రం మా సబ్జెక్టు. ఉపనది నిర్వచనం నోటికి వచ్చు. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుందనీ తెలుసు. పెద్ద నది మట్టం ఉపనది ముఖం కంటే పైకి లేస్తే, వాలు తక్కువున్న చోట నీరు ఎంత దూరం వెనక్కి నడుస్తుందో నల్లబల్ల మీద గీసి చూపడం మాత్రం రాలేదు. సమోన్నత రేఖలు ఎప్పుడూ గీసి ఉంటే కదా! "గోదారి తన్నింది" అన్నాం. "అది మా అవ్వ కూడా చెప్పింది సార్" అంది ఆ పిల్ల. తరగతి నవ్వింది. ఎగతాళి కాదు, నిజంగానే నవ్వొచ్చే మాట.

ఆ రాత్రి అటక మీది పెట్టె దించి పాత భూగోళశాస్త్రం పుస్తకం తీశాం. సమోన్నత రేఖల పాఠం ఉంది. బొమ్మలతో, ఎంతో విడమరిచి. చివర గీసి చూడమని ఒక అభ్యాసం, దానికి ఒక పటం. ఆ పటం మడత ఇరవై ఏళ్లుగా విప్పలేదు. మాకు కావలసిన పాఠం మా ఇంట్లోనే మా తలపైన ఉంది. అవ్వకు తెలిసినదానికీ పుస్తకానికి తెలిసినదానికీ మధ్య వంతెన వెయ్యాల్సినవాళ్లం మేము. డిగ్రీ పట్టా ఉండి కూడా ఆ పని చెయ్యలేకపోయాం.

మా ముగ్గురిలో ఒకావిడ కథ వేరు. అప్పటికి ఆమెకి ఇద్దరు పసిబిడ్డలు. ఆదివారం క్లాసుకి వచ్చింది తక్కువ. పిల్లలు పడుకున్నాక కిరసనాయిలు దీపం దగ్గర పుస్తకం చదివింది. అసైన్‌మెంట్లు మాలాగా చూసి రాయలేదు, తానే రాసింది. మార్కులు మాకూ ఆమెకీ ఇంచుమించు ఒకటే. పట్టా మీద ముద్ర కూడా ఒకటే. ఈనాడు ఆమె క్లాసులో పిల్లలు ప్రశ్నలడిగితే ఆమె సమాధానం వెతుక్కోదు. దూరవిద్య పనికిరాదని మేమంటే అది ఆమె రాత్రుల్ని అబద్ధం చెయ్యడమే. ఆమెకి మరో కాలేజీ ఉండే అవకాశమే లేదు.

అందుకే పద్దెనిమిదేళ్ల పిల్లల దగ్గర మా మాట మారుతుంది. ఉద్యోగంలో ఉన్నవాళ్లు, బిడ్డల తల్లులు, మంచాన పడ్డ పెద్దల్ని చూసుకునేవాళ్లు చేరండి, కానీ పుస్తకం చదవండి. కాళ్లూ చేతులూ ఆడుతూ, ఎస్టీ హాస్టల్లో చోటు దొరికే వయసులో ఇంటి దగ్గర కూర్చుని డిగ్రీ తెచ్చుకోవడం నష్టం. చింతూరులోనే ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. అక్కడ అధ్యాపకులు తక్కువే కావచ్చు. అయినా రోజూ ఒక లైబ్రరీ తలుపు, వాదించే నలుగురు స్నేహితులు, తప్పు మాట్లాడితే ఆపే మాస్టారు ఉంటారు. మన ఇంట్లో కోయ మాట, పుస్తకంలో గ్రాంథికపు వాసన ఉన్న తెలుగు. ఈ రెంటి మధ్య దారి ఒంటరిగా దొరకడం కష్టం. నలుగురిలో మాట్లాడితేనే దొరుకుతుంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో 3ని కొట్టేసింది. మా ఉద్యోగాలు నిలిచాయి గానీ మీకు ఆ నీడ లేదు. మేము గైడుతో నెగ్గుకొచ్చిన చోట మీరు నెగ్గలేరు.

చట్టం దృష్టిలో విలువ సంగతికి వస్తే అందులో అనుమానం అక్కర్లేదు. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఇచ్చిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో మరోసారి స్పష్టం చేసింది. చిక్కంతా "గుర్తింపు ఉన్న" అన్న మాటలోనే. శబరి అవతల ఛత్తీస్‌గఢ్‌లో 2002 నాటి చట్టం కింద వందకు పైగా ప్రైవేటు విశ్వవిద్యాలయాలు పుట్టాయి. కొన్నింటికి సొంత భవనమే లేదు. 2005లో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును రద్దు చేసింది. ఇప్పటికీ బైకు మీద వచ్చి "పరీక్ష మేమే రాయిస్తాం" అనే ఏజెంట్లు గూడేల్లో తిరుగుతున్నారు. యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో ఆ ఏడాదికి అనుమతి ఉన్న విశ్వవిద్యాలయాలూ కోర్సులూ ఉంటాయి. అక్కడ చూడకుండా పైసా కట్టొద్దు. నర్సింగు, ఇంజనీరింగు దూరవిద్యలో ఇస్తామంటే ఆ మాట అక్కడే ఆపేయండి. పదితో ఆగి, ఇంటర్ లేకుండా అర్హత పరీక్ష రాసి డిగ్రీ తెచ్చుకున్నవాళ్లకి ఇంకో గోడ ఉంది. బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం అలాంటి డిగ్రీతో లా కోర్సులో చేరలేరు. మన భూముల కేసులు వాదించే వకీళ్లు మనలోంచే రావాలనుకునేవాళ్లు ముందు ఇంటర్ పూర్తి చెయ్యాలి.

విశ్వవిద్యాలయాల మీద కూడా మాకొక ఫిర్యాదు ఉంది. అసైన్‌మెంటు అంటే ఏటా అవే ప్రశ్నలు. కొట్టులో జవాబులు జిరాక్సులుగా దొరుకుతాయి. దానికి బదులు "మీ ఊరి వాగు ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో పటం గీయండి", "మీ గూడెంలో పోడు భూమి ఎవరి పేరున ఉందో పెద్దల్ని అడిగి రాయండి" అని ఒక్క ప్రశ్న ఇచ్చి ఉంటే మేము ఎవరిది చూసి రాసేవాళ్లం? దూరాన ఉన్న విద్యార్థి దగ్గర ఊరు ఉంటుంది. కాలేజీలో ఉన్నవాడికి దొరకని పాఠ్యపుస్తకం అది. ఇన్నేళ్ల దూరవిద్య దాన్ని వాడుకోలేదు.

వరద గురించి అడిగిన ఆ అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ పాసయింది. మొన్న వాళ్ల నాన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "సారూ, నువ్వూ అట్లనే చదివితివి కదా. పిల్లని ఇంటికాడ ఉంచి దూరవిద్యలో పెడతాను. వాళ్లమ్మకి నడుం లెగవట్లేదు. పొలం పనికి మనిషి కావాలి" అన్నాడు. కాలేజీ, హాస్టలు అంటూ చాలాసేపు చెప్పాం. విన్నాడు. అవునని గానీ కాదని గానీ అనలేదు. ఆ పిల్ల వాకిట్లో నిలబడి మా మాటలు వింటూ ఉంది. ఆఖరికి తనే అడిగింది: "సార్, ఒకవేళ ఇంటికాడే ఉండాల్సొస్తే, మీ పాత పుస్తకాలు ఇస్తారా?"

భూగోళశాస్త్రం పుస్తకం ఇచ్చాం, పటంతో సహా. మిగతావి జులైలో, అడ్మిషన్ల గడువు దాటాక చూద్దామన్నాం.