పోటు గీత ఎక్కడుంది?

2020 జనవరి 11, శనివారం. కొచ్చి పక్కనే ఉన్న మరడులో పొద్దుటి నుంచే రోడ్లు మూసేశారు. చుట్టుపక్కల ఇళ్లు ఖాళీ చేయించారు. పదకొండు దాటాక 19 అంతస్తుల హెచ్‌2ఓ హోలీ ఫెయిత్ భవనం కొన్ని సెకన్లలో ఉన్నచోటే కూలబడింది. ఆ తర్వాత ఆల్ఫా సెరీన్ జంట టవర్ల వంతు. మర్నాడు జైన్స్ కోరల్ కోవ్, గోల్డెన్ కాయలోరం. దేశమంతా టీవీల ముందు కూర్చుని ఆ దుమ్మును చూసింది. గోల్డెన్ కాయలోరం పక్కనున్న అంగన్‌వాడీకి ఏమీ కాలేదని పత్రికలు పేలుడు నిపుణుల నేర్పును మెచ్చుకున్నాయి. మెచ్చుకోవలసిందే. కానీ అంత జాగ్రత్త 2006లోనే, మరడు పంచాయతీ ఆఫీసులో, ప్లాన్ కాగితాల మీద సంతకం పెట్టే ముందు కావలసింది.

ఆ ఏడాదే పంచాయతీ ఈ భవనాలకు అనుమతులిచ్చింది. 1996లో ఆమోదం పొందిన కేరళ తీర ప్రణాళిక ప్రకారం అప్పటి మరడు సీఆర్‌జెడ్-3లో ఉంది. అంటే ఇంకా పట్నం కాని తీరం. అక్కడ వెంబనాడ్ సరస్సు నీటి అంచున కొత్తగా ఏదైనా కట్టాలంటే ఫైలు ముందు రాష్ట్ర తీర మండల నిర్వహణ సంస్థకు వెళ్లాలి. ఆ ఫైళ్లు వెళ్లలేదు. మరుసటి ఏడాదే పైనుంచి హెచ్చరిక రావడంతో పంచాయతీ బిల్డర్లకు షోకాజ్ నోటీసులిచ్చింది. బిల్డర్లు హైకోర్టుకెక్కి స్టే తెచ్చుకున్నారు. స్టే నీడన అంతస్తు మీద అంతస్తు లేచింది, ఫ్లాట్లు అమ్ముడుపోయాయి, గృహప్రవేశాలూ అయిపోయాయి. హైకోర్టులో ఒక న్యాయమూర్తి దగ్గరా, తర్వాత డివిజన్ బెంచ్ దగ్గరా బిల్డర్లే గెలిచారు. చివరికి సుప్రీంకోర్టు ముగ్గురు సభ్యుల కమిటీతో విషయం తేల్పించుకుని, 2019 మే 8న నెల రోజుల్లో కట్టడాలన్నీ తొలగించాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చింది జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ నవీన్ సిన్హా. అంతకుముందు ఏడాదే కేరళ వరదల్లో మునిగింది. తీర్పులో ఆ ప్రస్తావన కూడా ఉంది.

తర్వాతి కథ ఇళ్లు కొన్నవాళ్లది. బ్యాంకులు అప్పిచ్చాయి, రిజిస్ట్రేషన్ జరిగింది, కరెంటు మీటరు వచ్చింది. ప్రభుత్వం వైపు నుంచి ఇన్ని ముద్రలు పడ్డాక, తమ ఇల్లు కట్టకూడని చోట ఉందని ఒక సాధారణ కుటుంబానికి ఎలా తెలుస్తుంది? 2019 సెప్టెంబరు ఆఖరులో కరెంటు, నీళ్లు ఆపేశారు. ఒక్కో ఫ్లాటుకు మధ్యంతర పరిహారంగా 25 లక్షల రూపాయలు ముందు రాష్ట్ర ప్రభుత్వమే ఇవ్వాలని, తర్వాత బిల్డర్ల నుంచి రాబట్టుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకో చిక్కు కూడా ఉంది. మరడు 2010లో మున్సిపాలిటీ అయింది. పట్టణంగా మారిన తీరానికి నిబంధనలు సడలుతాయి కాబట్టి ఈ భవనాలను వదిలేయవచ్చు కదా అని యజమానులు వాదించారు. కట్టిన నాటి నిబంధనే చెల్లుతుందని కోర్టు నిలబడింది. ఆ మాట కఠినంగా వినిపిస్తుంది గానీ, అలా నిలబడకపోతే ముందు కట్టేసి నిబంధన మారేదాకా ఓపిక పట్టడమే పద్ధతిగా స్థిరపడేది.

ప్లాన్ పరిశీలన అంటే చాలామంది మనసులో మెదిలేది కాగితాల పని. సెట్‌బ్యాక్ ఎంత, ఎత్తు ఎంత, పార్కింగ్ ఉందా లేదా. నీటి పక్క నేల విషయంలో వీటన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: పోటు గీత ఎక్కడుంది? పెద్ద పోటు నాడు నీరు నేల మీద ఎంత దూరం వస్తుందో అదే హై టైడ్ లైన్. 1991 ఫిబ్రవరి 19 నాటి తొలి సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ నుంచి ఇప్పటిదాకా దూరాలన్నీ ఆ గీత నుంచే లెక్క. సముద్రానికి ఒక కొలత, ఉప్పుటేళ్లకూ బ్యాక్‌వాటర్స్‌కూ ఇంకో కొలత. వెయ్యి చదరపు మీటర్లు మించిన మడ అడవికి చుట్టూ 50 మీటర్ల రక్షణ. గీత తప్పితే పైన వేసిన లెక్కలన్నీ తప్పుతాయి.

ఆ గీత ఆఫీసు గోడ మీది మ్యాపులో ఉంటుంది, నేల మీద కనిపించదు. ఏడాదిలో ఎక్కువ రోజులు అది పొడినేలే. ఎండలో వెళ్లి చూసిన ఇంజినీరుకు తెల్లగా ఉప్పు పేరిన పర్ర కనిపిస్తుంది, పనికిరాని జాగా అనిపిస్తుంది. అదే చోటును తుపాను నాడో, అమావాస్య పోటు నాడో చూసినవాడు ఆ మాట అనడు. కాబట్టి ఈ పనిలో సగం నేర్పు ఎప్పుడు వెళ్లి చూశారన్నదాంట్లోనే ఉంది.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఈ పని ఊరి చేతిలోనే ఉంది. బోస్టన్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు ఇది అనుభవమే. పెరట్లో చెక్క వసారా వేద్దామనుకుంటారు. ఇంటి వెనక తడినేల ఉందని, ముందు కన్జర్వేషన్ కమిషన్‌కు వెళ్లాలని మేస్త్రీ చెబుతాడు. ఇలాంటి కమిషన్లు పెట్టుకోవడానికి ఆ రాష్ట్రం 1957లోనే చట్టం చేసింది. తీరం తడినేలలకు 1963లో, లోపలివాటికి 1965లో రక్షణ కల్పించి, 1972లో రెండింటినీ ఒకే చట్టం కిందికి తెచ్చింది. కమిషన్‌లో ముగ్గురి నుంచి ఏడుగురి దాకా ఊరివాళ్లే ఉంటారు. సాధారణంగా జీతం ఉండదు. తడినేలకు 100 అడుగుల లోపు పని చేయదలచినవారు దరఖాస్తు పెట్టాలి, పక్క స్థలాలవాళ్లకు కబురు పంపాలి. దరఖాస్తు అందిన 21 రోజుల్లో బహిరంగ విచారణ మొదలవ్వాలి.

విచారణకు ముందు సభ్యులు స్థలానికి వెళ్తారు. తడినేల అంచు వెంబడి రిబ్బన్లు కట్టి ఉంటాయి. అంచును తేల్చేది అక్కడ మొలిచిన మొక్కలు, అక్కడి మట్టి. గొట్టపు పార దించి మట్టి పైకి తీస్తారు. ఏడాదిలో చాలాకాలం నీటిలో నానిన మట్టి బూడిదరంగుకు తిరుగుతుంది, మధ్యమధ్య తుప్పు మచ్చలుంటాయి. చూసిన రోజున నీరు లేకపోయినా మట్టి సాక్ష్యం చెబుతుంది. అనుమతి షరతులతో వస్తుంది. ఆ షరతుల కాగితాన్ని ఆస్తి రిజిస్ట్రీలో నమోదు చేయించాకే పని మొదలుపెట్టాలి. దానివల్ల రేపు ఆ ఇల్లు కొనేవాడికీ సంగతి తెలుస్తుంది. మరడు కొనుగోలుదారులకు దొరకనిది సరిగ్గా ఇదే. కమిషన్ నిర్ణయం నచ్చకపోతే ఊరివాళ్లు పదిమంది కలిసి రాష్ట్ర శాఖకు అప్పీలు చేసుకోవచ్చు.

ఆ పద్ధతిలోనూ లోపాలున్నాయి. ఊరికో తీరు. కొత్త ఇళ్లు రాకుండా అడ్డుకోవడానికి ఉన్నవాళ్లు తడినేల నిబంధనలను వాడుకుంటున్నారన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది. అయినా మట్టి తీసి చూశాకే సంతకం అన్న ఆ వరస మనకూ కావాలి.

మన దగ్గర వరస ఎలా తలకిందులవుతుందో కాకినాడ చూపించింది. 2020లో దుమ్ములపేట దగ్గర పేదల ఇళ్ల స్థలాల కోసం మడ చెట్లున్న నేల చదును చేయడం మీద గొడవ లేచి జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. పేదలకు ఇల్లు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఉప్పెన వచ్చినప్పుడు కాకినాడను కాచే మడలను కొట్టి అక్కడే వాళ్లకు పట్టాలివ్వడమంటే, ఆ ఉప్పెనకు అందరికంటే ముందు వాళ్లనే ఎదురు నిలబెట్టడం. జాగా ఎంపిక చేసిననాడే తీర మ్యాపు బల్ల మీద పరిచి ఉంటే ఆ కుటుంబాలకు మరో చోటు వెతికేవారు.

సముద్రం లేని తెలంగాణలోనూ ఇదే కథ చెరువుల దగ్గర నడుస్తోంది. శిఖం భూమిలో లేఅవుట్ పడుతుంది, పర్మిషన్ వస్తుంది, ఇళ్లు లేస్తాయి, ఆ తర్వాత ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పుడు నీరు నిలిచే గీత, ఎక్కడని వెతుకుతారు. పది హెక్టార్లు మించిన చెరువుకు 30 మీటర్ల బఫర్ అని నిబంధన ఉంది. ఆ 30 మీటర్లు ఎక్కడ మొదలవుతాయో తేలకముందే ఇళ్లు లేస్తున్నాయి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైదరాబాద్ సంస్థ హైడ్రా బుల్డోజర్లు కదిలినప్పుడు అనుమతి కాగితాలు చేత పట్టుకుని ఏడ్చినవాళ్లు చాలామంది.

పరిశీలన కఠినంగా ఉండాలనగానే ఒక భయం కూడా కలుగుతుంది. కఠినం ఎవరి మీద? తరతరాలుగా ఒడ్డునే బతుకుతున్న మత్స్యకారుడి ఇంటి గోడ పెంచుకోవడానికి వంద కొర్రీలు వేసి, పక్కనే విల్లాల వెంచర్‌కు వారంలో దారి చూపిస్తే అది పరిశీలన కాదు, అన్యాయం. వలా పడవా ఉన్నవాడికి నీటి దగ్గర ఉండక తప్పదు. సెలవుల్లో వచ్చి పోయే ఇంటికి ఆ అవసరం లేదు. మత్స్యకారుల ఇళ్ల విషయంలో మన నోటిఫికేషన్లు కొంత వేరు దారి చూపించాయి. కింది ఆఫీసులు ఆ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు కింది ఆఫీసు బాధ్యత ఇంకా పెరిగింది. 2019 జనవరి 18 నాటి నోటిఫికేషన్ ప్రకారం, 300 చదరపు మీటర్ల లోపు సొంత నివాసానికి అనుమతి స్థానిక సంస్థే ఇవ్వవచ్చు, రాష్ట్ర సంస్థ సిఫారసు అక్కర్లేదు. తీర నిబంధనల కోణంలో చూశాకే ఇవ్వాలన్న షరతు మాత్రం ఉంది. అదే నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరంలో కట్టడాలు కూడని మేరను 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. మేర ఇంత సన్నబడ్డాక గీత పది మీటర్లు అటూ ఇటూ అయినా ఇల్లు నీటిలో ఉన్నట్టే.

భీమిలి నుంచి భావనపాడు దాకా గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్లు, సర్వేయర్లు ఉన్నారు. కలెక్టరు అధ్యక్షతన జిల్లా తీర మండల కమిటీ ఉండాలని, అందులో మత్స్యకారులతో సహా స్థానిక తీర వర్గాల ప్రతినిధులు కనీసం ముగ్గురు ఉండాలని నోటిఫికేషనే చెబుతోంది. నీటి పక్క సర్వే నంబరులో ప్లాన్ వచ్చిన ప్రతిసారీ సర్వేయరూ, ఊరి వేటగాళ్లలో ఒక పెద్దమనిషీ కలిసి పెద్ద పోటు వేళ ఆ స్థలానికి వెళ్లాలి. నీరు ఆగిన చోట గుర్తు పెట్టి, ఫొటో తీసి ఫైలులో చేర్చాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆ కమిటీ ఒక తీర్మానం చేస్తే చాలు, వచ్చే అమావాస్య నుంచే మొదలుపెట్టవచ్చు.